అరంగుళం చాలని తెరచాప

చేపలు పట్టని పడవ, సరుకు మొయ్యని పడవ, మనిషిని అవతలి గట్టుకు దాటించని పడవ ఒకటి ఈ లోకంలో ఉంటుందని నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. ఆదివారం గాలి బాగుంటే దాన్నెక్కి సముద్రంలో ఒక చుట్టు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి దిగుతారట. దిగి, ఎండకు మొహం కమిలిందని సంబరపడతారట. దానికి యాట్ అని పేరు. ఎండకు మొహం కమలడానికి మా సొంతూరు అత్తిమంజేరిపేటలో వేరుశనగ చేను చాలు. దానికి తెరచాప అక్కర్లేదు.

అలాంటి పడవ ఒకదానికి చెక్కతో నమూనా చెయ్యడానికి మా ఆయన పదకొండు నెలలు మా వరండాను ఆక్రమించుకున్నాడు. ఎనభైలు మొదలైన కొత్త. తిరువళ్ళూరులో స్టేషనుకు దగ్గర్లో రెండు గదుల అద్దె ఇల్లు మాది. వరండా అనే మాట దానికి కాస్త పెద్దదే. ఒకరు చెప్పులు విడుస్తుంటే ఇంకొకరు వీధిలో నిలబడాలి. అందులో పనిబల్ల వేసి, దానిమీద ముప్పై అంగుళాల పడవను బోర్లించి, తగలకుండా నడవమని నాకు ఆజ్ఞ వేశాడు. నా ఇంట్లోకి నేను పక్కవాటుగా పోవాలి! పదకొండు నెలలు అలాగే పోయాను.

మా ఆయన అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు. మాటలు వచ్చినప్పటినుంచీ మామా అని పిలిచిన మనిషినే కట్టుకున్నాను కాబట్టి, పెళ్ళయ్యాక కొత్త పిలుపు వెతుక్కునే పని తప్పింది. పిల్లలు లేరు మాకు. దానికి జాలిపడేవాళ్ళ మీద నాకు ఇంకో పుస్తకమంత కోపం ఉంది, అది ఇక్కడ వద్దు. నేను తిరుత్తణిలో ఆడపిల్లల హైస్కూల్లో కుట్టుపని టీచరును. ఆయన అంబత్తూరు వైపు ఒక పంపుల ఫ్యాక్టరీలో ప్యాటర్న్ మేకరు. పొద్దున ఇంటికి తాళం వేసి, ఇద్దరం కలిసి స్టేషనుదాకా నడిచి, ఆయన మద్రాసు పోయే రైలుకు ఒక ప్లాట్‌ఫారం మీద, నేను తిరుపతి పోయే ప్యాసింజరుకు ఇంకో ప్లాట్‌ఫారం మీద నిలబడేవాళ్ళం. ఇరవై ఏళ్ళు అలా చెరో వైపు పోయాం. ఆయన పని ఎలా ఉంటుందని నేను అడగలేదు, నా పని గురించి ఆయన అడగలేదు.

నాకు తెలిసినంత ఇది. ఇనుమో ఇత్తడో కరిగించి పోత పోసే ముందు, ఆ వస్తువును మొదట చెక్కతో చెయ్యాలి. ఆ చెక్కను ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది. ఆ గుంటలో పోత పోస్తారు. ఆ చెక్క వస్తువును చేసేవాడు ప్యాటర్న్ మేకరు. మా ఆయన చేసేవన్నీ ఇత్తడి వస్తువులకు. పంపు లోపల తిరిగే చక్రాలు, వాల్వులు, ఇంకా పేరు తెలియని ముక్కులూ మూతులూ.

ఆయనకు ఒక ఉక్కు స్కేలు ఉండేది. అడుగు పొడవు. పాత పంచె ముక్కలో చుట్టి సంచిలో పెట్టుకుని పోయి, మళ్ళీ అలాగే చుట్టి తెచ్చేవాడు. వాడి వాడి దానిమీద అక్షరాలు అరిగిపోయాయి, గీతలు మాత్రం కత్తితో కోసినట్టు ఉండేవి. నేను బళ్ళో వాడే చెక్క స్కేలును చూస్తే ఆయనకు అసహ్యం. "దాంతో కొలిస్తే కొబ్బరిచిప్ప కూడా కుదరదు" అనేవాడు. ఆ చెక్క స్కేలుతోనే నేను వందల మంది ఆడపిల్లలకు జాకెట్టు కత్తిరించడం నేర్పించాను. ఒక్కటీ బిగుతు కాలేదు, ఒక్కటీ వదులు కాలేదు. నా కత్తెర మీద నాకు పొగరు ఉండేది. ఉండేదేమిటి, ఉంది.

ఆ ఫ్యాక్టరీలో రంపం మిషను ఒకరోజు ఆయన ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు కొసలు తీసుకుపోయింది. గాయం మానాక ఆయన మళ్ళీ బెంచీ దగ్గరికి పోతే ఫోర్‌మన్ ఆపాడు. బెంచీ అంటే ప్యాటర్న్ చేసే పనిబల్ల. "కుడిచెయ్యి ఉలిని తోస్తాది, యాడ ఆపాల్నో చెప్పేది ఎడంచెయ్యి. అది లేనోడు నాకేంటికి?" అన్నాడట. మాట తప్పు కాదు. కానీ అన్నవాడెవడు? యజమాని భార్య తరపు చుట్టం. జన్మలో ఒక గిన్నెమూతకు కూడా అచ్చు చేసినవాడు కాదు. మామను తీసుకుపోయి పనిముట్లు ఇచ్చే కిటికీ వెనక కూర్చోబెట్టారు. ఎవరైనా వచ్చి సుత్తి అడిగితే సుత్తి ఇవ్వాలి, ఆకురాయి అడిగితే ఆకురాయి ఇవ్వాలి. సాయంత్రం వాటిని తీసుకుని గూళ్ళలో సర్దాలి. మా బడి ప్యూను కూడా అంతకంటే తల వాడే పని చేస్తాడు.

ఇంట్లో ఆయన అన్నం కలిపేటప్పుడు ఎడమచేతిని ఒళ్ళో పంచె మడతలో దాచుకునేవాడు. అన్నం తినేది కుడిచేత్తో కదా, ఎడమచెయ్యి ఎవరు చూస్తారని? నేను చూసేదాన్ని, చూసి విసుక్కునేదాన్ని.

అప్పుడు ఊడిపడ్డాడు పడవ దొర. దొర అంటే తెల్లవాడు కాదు, మద్రాసువాడే. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఫ్యాక్టరీ మేనేజరుకు స్నేహితుడు. తన యాట్‌ను అమ్మేస్తున్నాడట, జ్ఞాపకంగా దాని నమూనా కావాలట, కొలత తప్పకుండా, అడుగుకు అంగుళం చొప్పున. మా ఊళ్ళో ఎద్దును అమ్ముకున్నవాడెవడూ చెక్క ఎద్దును చేయించుకుని ఇంట్లో పెట్టుకోలేదు. ఆ రైతులు ఏడ్చారు, ఊరుకున్నారు. డబ్బున్నవాళ్ళు మాత్రం ఏడవడానికి కూడా ఒక వస్తువును తయారు చేయించుకుంటారు.

ఇలాంటి పనికి మనుషులు ఖాళీ లేరని ఫోర్‌మన్ చెప్పాడట. కిటికీ వెనకనుంచి మామ లేచి, "నేను చేస్తాను సార్" అన్నాడట.

"దేంతో? ఆ చేత్తోనా?" అన్నాడట ఫోర్‌మన్. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారట. వాళ్ళలో సగం మందికి ఉలి పట్టుకోవడం నేర్పినవాడు మామే.

మేనేజరు మాత్రం నవ్వలేదు. "ఇంట్లో చేసి తీసుకురా. చెయ్యి కుదిరిందంటే మళ్ళీ బెంచీ మీదికి రా. కుదరలేదంటే కిటికీలోనే ఉండు. ఇంకోసారి అడగొద్దు" అన్నాడట.

ఇదంతా ఆయన స్టేషనునుంచి ఇంటికి వచ్చేలోపు నాకు చెప్పాడు. నడుస్తూ నడుస్తూ రెండు చేతులూ ఊపుతూ చెప్పాడు. ఆ ఎడమచేతిని ఆయన నలుగురిలో అలా ఊపడం వేళ్ళు తెగిన ఏడాదికి మళ్ళీ అప్పుడే చూశాను. నేనేమన్నానో తెలుసా? "సముద్రం కూడా చూడనోడివి, పడవ చేస్తావా?" అన్నాను. అది అబద్ధం కూడా. మా ఇద్దరికీ పెళ్ళయిన కొత్తలో మెరీనాకు పోయి, చీలమండల దాకా తడుపుకుని, శనగలు తిని వచ్చాం.

మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడివో పాత టేకు పలకలు తెచ్చి, ఒకదానిమీద ఒకటి అతికించి, పైన చెక్కుతూ లోపల తొలుస్తూ పడవ కడుపు తీశాడు. దొర ఇచ్చిన కాగితాన్ని గోడకు అంటించాడు. దానిమీద అడుగులూ అంగుళాలూ చీమల్లా ఉండేవి. ఆదివారాలన్నీ, సెలవులన్నీ అదే పని. సాయంత్రం రైలు దిగి వచ్చి, కాఫీ చల్లారిపోతున్నా బల్ల దగ్గరే. ఉప్పుకాగితంతో రుద్దీ రుద్దీ ఇల్లంతా టేకు పొడి. సాంబారులో కూడా టేకు పొడి. తెగిన వేళ్ళ కొసల్లో స్పర్శ లేదు కదా, నునుపు తెలుసుకోవడానికి పడవను చెంపకు ఆనించి చూసేవాడు. కళ్ళు మూసుకుని, ఒక చెంప, తర్వాత ఇంకో చెంప.

"ఒక ముద్దు గూడా పెట్టు, సరిపోతాది" అనేదాన్ని.

"నువ్వు పోవే అవతలికి" అనేవాడు, కళ్ళు తెరవకుండానే.

దొర రెండు మూడు ఆదివారాలు కారేసుకుని వచ్చాడు. బూట్లు విప్పకుండా లోపలికొచ్చి, మాకున్న ఒకే కుర్చీలో కూర్చుని, గాలి గురించి ఉపన్యాసం ఇచ్చాడు. వేలు నాలుకమీద తడిపి పైకెత్తి, గాలి ఎటునుంచి వస్తుందో ఇలా కనిపెడతామని చూపించాడు. మా వరండాలో గాలి ఎటునుంచీ రాదు. మామ చేతులు కట్టుకుని నిలబడి, ఆ సార్ చెప్పిన ప్రతిదానికీ తల ఊపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయేముందు ఆ మనిషి నావైపు తిరిగి, "మీ ఆయనది కళాకారుడి చెయ్యమ్మా" అని ఇంగ్లీషులో అన్నాడు. అలా అంటూ కుడిచేతిని చూశాడు. ఎడమచేతిని చూడకుండా ఉండడానికి పడిన కష్టం ఆ మొహంలో కనిపించింది.

తెరచాపలు నా నెత్తిన పడ్డాయి. గుడ్డ, సూది, దారం, అంతా నా ఇలాకా. సన్నని మల్లుగుడ్డ కొని, తెలుపు వద్దు మీగడ రంగు కావాలని దొర అన్నాడని టీ డికాషన్‌లో ముంచి ఆరేశాను. పెద్ద తెరచాప స్తంభం పక్క అంచు ముప్పై ఆరు అంగుళాలు. ఆ అంచు పొడుగునా అంగుళంన్నరకు ఒకటి చొప్పున చిన్న ఇత్తడి రింగులు కుట్టాలి. స్తంభానికి మామ అదే లెక్కన కొక్కేలు కొట్టాడు. రింగులు వాటికి తగిలిస్తే తెరచాప నిలబడుతుంది. నా చెక్క స్కేలుతో గుర్తులు పెట్టి, నా టేపుతో సరిచూసి, మా బళ్ళో ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు కూడా కుట్టనంత సన్నంగా కుట్టాను. పడవ మీద నాకెంత చులకనైనా కావచ్చు, కుట్టు మీద కాదు.

తగిలించే రోజు వచ్చింది. ఆదివారం, భోజనాలయ్యాక. కిందనుంచి మొదలుపెట్టాం. నాలుగైదు రింగులు బుద్ధిగా కూర్చున్నాయి. ఎనిమిదోదానికి కొంచెం లాగాల్సి వచ్చింది. పన్నెండోదానికి గట్టిగా లాగాల్సి వచ్చింది. ఇరవై దాటాక రింగులు కొక్కేలను అందుకోలేదు. చిట్టచివరి రింగు దాని కొక్కేనికి అరంగుళానికి పైగా కిందనే ఆగిపోయింది.

"ఏమే, గుడ్డ ముడుచుకునిందేమో, టీలో నానబెట్టినావు గదా" అన్నాడు.

"నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ పెట్టినాక కత్తిరించినా. నాకు చెప్తావా?" అని టేపు తెచ్చి గుడ్డ మీద వేశాను. సరిగ్గా ముప్పై ఆరు. ఆయన ఉక్కు స్కేలు తెచ్చి స్తంభం మీద మూడుసార్లు జరిపాడు. సరిగ్గా ముప్పై ఆరు. నా గుడ్డను నా టేపుతో నేను, ఆయన స్తంభాన్ని ఆయన స్కేలుతో ఆయన. ఆయన స్కేలు నా గుడ్డ మీద పెట్టడం నాకు అవమానం, నా టేపు ఆయన స్తంభం మీద పెట్టడం ఆయనకు అవమానం. ఇద్దరు మూర్ఖులం ఒక చిన్న వరండాలో నిలబడి ముప్పై ఆరు, ముప్పై ఆరు అని అరుచుకున్నాం.

అప్పుడు నేను ఆ మాట అన్నాను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. "అడుగు స్కేలును మూడు తడవలు జరిపినావు గదా, గీత దగ్గర ఏ వేలితో పట్టుకున్నావు? ఆ తెగిన వేళ్ళతోనేనా? నీ చెయ్యి పోయిందని ఆ ఫోర్‌మన్ ఊరికే అన్లేదు మామా."

ఆయన స్కేలును పంచె ముక్కలో చుట్టి సంచిలో పెట్టాడు. కొక్కేలకు తగిలించిన రింగులను ఒక్కొక్కటే విప్పి, తెరచాపను మడిచి నా చేతికి ఇచ్చాడు. తర్వాత ఎడమచేతిని జేబులో పెట్టుకుని వీధిలోకి పోయాడు.

మూడు వారాలు ఆ బల్ల దగ్గరికి పోలేదు. స్టేషనుకు కలిసే నడిచేవాళ్ళం, మాటల్లేవు. నా తప్పేమీ లేదని నాకు గట్టి నమ్మకం. కొలత కొలతే. మొహమాటానికి తప్పును ఒప్పంటే నేను కుట్టు టీచరునెలా అవుతాను? ఇలా రోజుకు పదిసార్లు అనుకున్నాను. సరైన మాట అన్నవాళ్ళు రోజుకు పదిసార్లు అనుకోరని అప్పుడు తోచలేదు.

నాలుగో వారం ఆయనే లేచాడు. "ఎట్లా ఉండేది అట్లా ఇచ్చేస్తా. కిటికీ ఉండనే ఉండాది" అన్నాడు. పడవను పెట్టడానికి టేకు చట్రంతో పెట్టె చేశాడు. నాలుగు పక్కలా, పైనా అద్దాలు రావాలి. కొలతలు కాగితం మీద రాసి ఇచ్చాడు. వీరరాఘవస్వామి గుడి వీధిలో అద్దాల అంగడి ఉంది, పటాలు కట్టే అంగడి. అక్కడ ఇచ్చి కోయించుకొచ్చాను. తెచ్చి చట్రంలో పెడితే, ముందు అద్దం జర్రున జారి లోపలికి పడబోయింది, మామ పట్టుకున్నాడు. అయిదు అద్దాలూ తక్కువే. ముందుదీ వెనకదీ అడ్డంగా అరంగుళం తక్కువ.

అద్దాన్ని పట్టుకుని ఆయన అన్నాడు: "చూడు. ఇది గూడా. నువ్వు చెప్పింది నిజమే. చెయ్యి పోయింది."

కోపంగా అంటే భరించేదాన్ని. మామూలుగా అన్నాడు, బండి ఆలస్యమని చెప్పినట్టు. నా మాటను ఆ నోట్లోంచి వినేసరికి నాకు పిచ్చెక్కింది. కాదు, ఇది ఆ అద్దాలవాడి పని! వాడే దొంగ. కొలత తక్కువ కోసి, ముక్కలు మిగుల్చుకుంటున్నాడు. ఆ ముందు అద్దాన్ని పాత దుప్పటిలో చుట్టి, కొలతల కాగితం తీసుకుని, రుజువుకు ఆయన సంచిలోంచి ఆయన్ను అడక్కుండానే ఉక్కు స్కేలు తీసుకుని పోయాను. బజారులో నన్ను చూసి జనం పక్కకు తప్పుకున్నారు.

ఆ అద్దాలవాడు ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే, అంగట్లో కూర్చుంటే మాత్రం తమిళమే. "ఎన్నమ్మా, ఎన్న ఆచ్చు?" అన్నాడు తీరిగ్గా.

"ఏమైందా? గుడి వీధిలో కూర్చోని జనాన్ని మోసం చేస్తాండావు, అదీ అయింది!" అని అద్దాన్ని బల్లమీద పెట్టాను.

మోసం అనేసరికి వాడూ తెలుగులోకి దిగాడు. "టీచరమ్మా, మాట చూసుకోని మాట్లాడు. నీ చీటీలో అడ్డం ముప్పై మూడు. నేను కోసింది ముప్పై మూడు." తన గజం బద్ద తీసి అద్దం పక్కన పెట్టాడు. ముప్పై మూడు.

"నీ బద్ద నీ మాటే వింటాది. ఇదో, ఇది ఉక్కుది" అని మామ స్కేలును ఆ బద్ద పక్కన పెట్టాను. మొదళ్ళు కలిపి పెట్టాను. కొసలు కలవలేదు. ఉక్కు స్కేలు అడుగు, బద్ద అడుగును దాటి ఒక పెసరగింజంత ముందుకు పోయింది.

"చూడు, నీ బద్ద పొట్టిది!" అన్నాను. అంగడంతా వినబడేలా అన్నాను.

వాడు పక్క గుడ్డలంగట్లోంచి ఇనప గజం తెచ్చి పెట్టాడు. అది బద్దతో కలిసింది. నా చేతిసంచిలోంచి నా టేపు తీసి నేనే పెట్టాను. అదీ బద్దతోనే కలిసింది. అన్నీ ఒకవైపు, మామ స్కేలు ఒక్కటే ఒకవైపు. వాడు ఆ స్కేలును తీసుకుని వెలుతురుకు తిప్పి, వెనక అరిగిన అక్షరాల మీద వేలితో రుద్ది, పకపకా నవ్వాడు.

"ఇది పోతపని స్కేలమ్మా. మా తమ్ముడు ఫౌండ్రీలో ఉండాడు, వాని దగ్గరా ఉండాది. పోసిన ఇత్తడి ఆరితే కుంచించుకుపోతాది. దానికని ప్యాటర్నును కొంచెం పెద్దదిగా చెయ్యాల. ప్రతిదానికీ లెక్క యాడ వేస్తారు? అందుకని స్కేల్లోనే అంగుళాలు పెద్దవి పెట్టేసింటారు. దీంతో కొలిచి అద్దం చెప్తే ఎట్లమ్మా? అద్దం యాడన్నా కుంచించుకుపోతాదా?"

అంగట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వనీ. నాకు వాళ్ళు వినబడలేదు. అడుగుకు పెసరగింజంత, మూడడుగులకు అరంగుళం పైన. తెరచాప. నా తెరచాప సరైనదే. ఆయన స్తంభమూ సరైనదే, ఆ స్కేలుకు. మూడుసార్లు జరిపినా ఆ తెగిన వేళ్ళు గీత తప్పలేదు. ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆ స్కేలు ఏమిటని ఒక్కసారి అడగని ఆడది నేను. అద్దాలవాణ్ణి దొంగ అన్నాను, మొగుణ్ణి అవిటివాడన్నాను. ఆ పూట తిరువళ్ళూరులో నాకంటే నీచమైన మనిషి ఎవరూ నాకు కనబడలేదు.

ఇంటికొస్తే ఆయన వరండాలోనే కూర్చుని ఉన్నాడు. "మామా, ఇది పెద్ద స్కేలు" అన్నాను.

"ఊ, ఇత్తడి పోత స్కేలు గదా" అన్నాడు, అది లోకానికంతా తెలిసిన సంగతన్నట్టు. ఆ వెంటనే పడవను చూశాడు, పెట్టెను చూశాడు. "అయ్యో నా ఖర్మమా! పోత పొయ్యని దానికి గూడా దీంతోనే కొలిచినానా? నాకు అడుగంటే ఇదేనే. ఇంకో అడుగు ఉండాదని మరిచే పోయినాను."

ఆ తర్వాత చేసిన పని మాత్రం మరిచిపోలేను. దొర కాగితాన్ని గోడమీదనుంచి పీకి నా చేతికి ఇచ్చి, ఒక్కొక్క అంకె చదవమన్నాడు. ఆయన ఉక్కు స్కేలు పెట్టి కొలిచాడు. స్కేలు జరిపినచోట నన్ను వేలు పెట్టమన్నాడు, కొస ఉన్న నా వేలు. పడవ పొడవు, వెడల్పు, స్తంభం, అడ్డకొయ్య, చుక్కాని, కొక్కేనికీ కొక్కేనికీ మధ్య దూరం. ఒక్కటి కూడా వెంట్రుకంత తేడా లేదు. అన్నీ అయ్యాక ఎడమచేతిని నా ముందు పెట్టి అడిగాడు: "అయితే చెయ్యి సరిగ్గానే ఉండాదా?"

"ఉండాది" అన్నాను.

అంతే అన్నాను. ఇంకొక మాట అనాలి. తప్పయిందని ఒకరికొకరు చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. చీపురు తీసుకుని టేకు పొడి ఊడ్చాను.

కొత్త మల్లుగుడ్డ తెచ్చి, ఈసారి ఆయన స్కేలుతో గుర్తులు పెట్టి తెరచాపలు మళ్ళీ కుట్టాను. అద్దాలవాడికి కొత్త కొలతలు ఇచ్చాను. వాడు ప్రతి అద్దానికీ "ఏ అడుగమ్మా?" అని అడిగాడు. పడ్డాను. పడాల్సిందే. పడవను ఫ్యాక్టరీకి మోయడానికి ఇద్దరు కావాలి కాబట్టి బడికి సెలవు పెట్టి నేనూ మద్రాసు ప్లాట్‌ఫారం ఎక్కాను. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. రైల్లో జనం దానికి చోటిచ్చారు, నాకు ఇవ్వలేదు.

మేనేజరు గదిలో దొర, ఫోర్‌మన్ ఉన్నారు. దొర పడవను చూసి ఆహా ఓహో అని, జేబులోంచి టేపు తీసి కొలిచి మొహం ముడిచాడు. "ముప్పై ఉండాలి. అరంగుళం ఎక్కువ ఉంది. నా పడవకంటే ఇది అరడుగు పెద్ద పడవ!"

ఫోర్‌మన్ మొహం వెలిగిపోయింది. "నేను ముందే చెప్పినా సార్, ఆ చేత్తో కాదని."

మామ ఎడమచేత్తోనే సంచిలోంచి స్కేలు తీసి బల్లమీద పెట్టాడు. "తప్పు నాదే సార్. అలవాటులో దీంతో కొలిచేసినా. ఈ పడవను ఇత్తడిలో పోత పోయించండి సార్. ఆరినాక సరిగ్గా మీ పడవే వస్తాది."

మేనేజరు కింది స్థాయినుంచి పైకొచ్చిన మనిషిలా ఉంది. ఆ స్కేలు తీసుకుని పదిచోట్ల పెట్టి చూశాడు. చూసి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వాడు. "సోమవారం బెంచీ మీదికి రా" అన్నాడు. ఫోర్‌మన్ వైపు తిరిగి, "నువ్వు ఆ స్కేలుతో ఒక్క గీత ఇంత సరిగ్గా గీసి చూపించు" అన్నాడు. దొరకు ఏమీ అర్థం కాలేదు. అరడుగు పెద్దదైతేనేం, హాల్లో బాగుంటుందని పట్టుకుపోయాడు. అమ్ముకున్న పడవకంటే పెద్ద పడవను చూసి ఏడవడానికి ఎక్కువ సుఖంగా ఉంటుంది కాబోలు.

రిటైరయ్యేదాకా ఆయన బెంచీ మీదే పనిచేశాడు. నేనన్న మాటను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఒక్క అలవాటు మాత్రం చేసుకున్నాడు. ఇంట్లో ఏది చేసినా, గూడైనా గడియైనా, నా చెక్క స్కేలు అడిగి తీసుకుని, కొలిచి, చేసి, చివర్లో నన్ను పిలిచి అడుగుతాడు: "సరిగ్గా ఉండాదా?" నేను చూసి, ఉండాది అంటాను. అనుమానంతో అడుగుతాడో, నాచేత చెప్పించుకోవడానికే అడుగుతాడో నాకు తెలియదు. అడిగి తెలుసుకునే మొహం నాకు లేదు.

ఇప్పుడు ఆ చెయ్యి నిజంగానే వణుకుతుంది. మొన్న నా కుట్టుమిషను బల్లకు పలక విరిగితే, వద్దన్నా వినకుండా కూర్చుని కొత్త పలక కోశాడు. బిగించి, పక్కకు జరిగి, నావైపు చూశాడు. పలక అరంగుళం తక్కువ. ఆ సందులోంచి నా దారపుకండె కిందపడి దొర్లుకుంటూ పోయింది. ఆయన దాన్ని చూడలేదు.

"సరిగ్గా ఉండాదా?" అన్నాడు.

"ఉండాది మామా" అన్నాను.